ఫోటో తెరుచుకోవడం లేదా? ఇమేజ్ వ్యూయర్ల కొత్త వెర్షన్లు, కొత్త ఫార్మాట్ల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలోనూ చుట్టుపక్కల ఊర్లలోనూ ఫోటో స్టూడియోలు, నెట్ సెంటర్లు, ఫ్లెక్సీ షాపులు నడిపేవాళ్ళు, పోటీ పరీక్షలకు అప్లై చేసే పిల్లలు, ఇంట్లో పాత కంప్యూటర్ ఉన్నవాళ్ళు మా సర్వీస్ సెంటర్‌కు వచ్చి అడిగే ప్రశ్నలు ఇవి. ఫోటోలను తెరిచి చూపించే ప్రోగ్రాంలే ఇమేజ్ వ్యూయర్లు. వాటి కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ "మరిన్ని ఫార్మాట్లకు సపోర్ట్" అని రాస్తున్నారు. ఆ మాటలో మీ పనికి ఉపయోగపడేది ఏముందో ఇక్కడ వివరంగా చెబుతాం. ముందుగా ఒక్కటి గుర్తు పెట్టుకోండి. ఫోటో తెరుచుకోకపోతే మొదట వ్యూయర్‌ను అప్‌డేట్ చేయండి. ఫైలును వేరే ఫార్మాట్‌లోకి మార్చడం ఆ తర్వాతి సంగతి. ఒరిజినల్‌ను డిలీట్ చేయడం మాత్రం ఎప్పుడూ వద్దు.

అన్నా, ఫోటో తెరిస్తే ఎర్రర్ వస్తోంది. ఫైలు చెడిపోయిందా?

చాలాసార్లు ఫైలుకు ఏమీ కాదు. ఫోటోను ఫైలుగా దాచడానికి రకరకాల పద్ధతులున్నాయి, వాటినే ఫార్మాట్లు అంటాం. ఏ పద్ధతిలో దాచారో వ్యూయర్‌కు తెలిస్తేనే బొమ్మ తెర మీదికి వస్తుంది. మనకు బాగా అలవాటైన జేపెగ్ 1992 నాటిది. పీఎన్‌జీ 1996లో వచ్చింది. ఆ తర్వాత గూగుల్ 2010లో వెబ్‌పీ తెచ్చింది. 2017లో ఐఫోన్లు హెచ్‌ఈఐసీకి మారాయి. 2019లో ఏవీఐఎఫ్, 2022 నాటికి జేపెగ్ ఎక్స్‌ఎల్ అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చాయి. మీ కంప్యూటర్‌లో 2014లో వేసుకున్న వ్యూయర్ ఉంటే, వీటిలో చాలావాటి పేరు కూడా దానికి తెలియదు.

ఫైలు నిజంగా పాడైందో లేదో తెలియాలంటే ముందు సైజు చూడండి. సున్నా కేబీ అని ఉంటే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ సరిగా జరగలేదు. అప్పుడు ఏ వ్యూయర్ వేసినా లాభం లేదు, పంపినవాళ్ళనే మళ్ళీ పంపమనాలి. రెండు మూడు ఎంబీ ఉండి తెరుచుకోవడం లేదంటే ఎక్కువగా వ్యూయర్ పాతబడింది.

కొత్త వెర్షన్ వేస్తే ఏం మారుతుంది? పైపై మెరుగులేనా?

మెనూ రంగులు, బటన్లు మారితే పట్టించుకోకండి. చూడాల్సింది మూడు విషయాలు. ఏ కొత్త ఫార్మాట్లు చదువుతుంది, పాత ఫార్మాట్లలో ఏ తప్పులు సరిచేశారు, భద్రతకు సంబంధించి ఏమైనా దిద్దారా. ప్రతి మంచి వ్యూయర్ వెబ్‌సైటులో ఆ వెర్షన్‌లో ఏం మారిందో ఒక జాబితా పెడతారు. అప్‌డేట్ చేసే ముందు ఆ జాబితా ఒకసారి చదవండి. మీ కెమెరా మోడల్ పేరో, మీరు రోజూ వాడే ఫార్మాట్ పేరో అందులో కనబడితే ఆ అప్‌డేట్ మీకు పనికొచ్చేదే.

ఏ వ్యూయర్ వేసుకోమంటారు?

విండోస్ మీద ఎక్కువమందికి మేం వేసేవి ఇర్ఫాన్‌వ్యూ, ఎక్స్‌ఎన్‌వ్యూ ఎంపీ. ఇర్ఫాన్‌వ్యూ 1996 నుంచి ఉంది. బోస్నియాలో పుట్టి వియన్నాలో చదువుకున్న ఇర్ఫాన్ స్కిల్యాన్ దాన్ని రాశాడు, పేరు కూడా ఆయనదే. పాత, నెమ్మది కంప్యూటర్ల మీద కూడా చకచకా పనిచేయడం దాని బలం. ఎక్స్‌ఎన్‌వ్యూ ఫ్రాన్స్‌కు చెందిన పియర్ గూజ్లే చేసింది, 500కు పైగా ఫార్మాట్లు చదువుతుంది. వేల ఫోటోల ఫోల్డర్లను థంబ్‌నెయిల్స్‌లో చూసి ఏరుకోవాల్సిన స్టూడియో వాళ్ళకు మేం దాన్నే చెబుతాం. నోమాక్స్, ఇమేజ్‌గ్లాస్ ఓపెన్ సోర్స్, షాపులో వాడినా డబ్బు కట్టనక్కర్లేదు. లైనక్స్ వాడేవాళ్ళకు కేడీఈ డెస్క్‌టాప్‌లో గ్వెన్‌వ్యూ ఉంది. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో అయితే 2023లో వచ్చిన 45వ వెర్షన్ నుంచి పాత ఐ ఆఫ్ గ్నోమ్ స్థానంలో లూప్ అనే కొత్త వ్యూయర్ వస్తోంది.

ఒక్కటే వేసుకోవాలన్న నియమం ఏమీ లేదు. రెండు వేసుకుంటే ఒకదానిలో తెరుచుకోనిది ఇంకోదానిలో తెరిచి చూడొచ్చు, తప్పు ఫైలుదో ప్రోగ్రాందో అక్కడే తేలిపోతుంది.

ఇర్ఫాన్‌వ్యూ కొత్తదే వేశాను. అయినా కొన్ని ఫైళ్ళు తెరుచుకోవడం లేదు. ఎందుకు?

ప్లగిన్లు, అంటే ప్రోగ్రాంకు అదనంగా తగిలించే చిన్న భాగాలు, వేసి ఉండరు. ఇర్ఫాన్‌వ్యూ అసలు ప్రోగ్రాం చాలా చిన్నది, మామూలు ఫార్మాట్లు అందులోనే ఉంటాయి. మిగతా చాలా వాటికి ప్లగిన్ల ప్యాక్ విడిగా డౌన్‌లోడ్ చేయాలి. ప్రోగ్రాం, ప్లగిన్లు ఒకే వెర్షన్‌వి కావాలి. ప్రోగ్రాం 64 బిట్ అయితే ప్లగిన్లూ 64 బిట్‌వే ఉండాలి. ఒకటి 32, ఇంకొకటి 64 వేసుకుని వచ్చేవాళ్ళు చాలామంది. అప్‌డేట్ చేసేటప్పుడు ప్రోగ్రాం ఒక్కటే మార్చి ప్లగిన్లు పాతవే ఉంచేసినా ఇదే తంటా.

మా తమ్ముడు కువైట్ నుంచి ఐఫోన్ ఫోటోలు పంపాడు. మా ఇంట్లో కంప్యూటర్‌లో ఒక్కటీ కనబడదు.

రాయచోటి, రాజంపేట వైపు ఇళ్ళ నుంచి మాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. అవి హెచ్‌ఈఐసీ ఫైళ్ళు. ఐఫోన్ 2017లో ఐఓఎస్ 11 నుంచి ఫోటోలను ఇలా దాస్తోంది. అంతే నాణ్యత ఉన్న జేపెగ్‌తో పోలిస్తే దాదాపు సగం చోటే పడుతుంది, అందుకే ఆపిల్ దానికి మారింది.

మీ వైపు నుంచి రెండు పనులు చేయొచ్చు. వ్యూయర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చండి. కొన్ని వ్యూయర్లలో హెచ్‌ఈఐసీ చదివే డీకోడర్ లోపలే ఉంటుంది, వాటితో వెంటనే తెరుచుకుంటుంది. ఇంకొన్ని విండోస్‌లో ఉన్న కోడెక్ (ఫార్మాట్‌ను చదివే భాగం) మీద ఆధారపడతాయి. అలాంటప్పుడు మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి హీఫ్ ఇమేజ్ ఎక్స్‌టెన్షన్స్ వేసుకోవాలి, అది ఉచితం. అది వేసినా ఫోటో రాకపోతే హెచ్‌ఈవీసీ వీడియో ఎక్స్‌టెన్షన్స్ కూడా కావాలి, దానికి కొంచెం డబ్బు కట్టాలి. హెచ్‌ఈవీసీ మీద చాలా కంపెనీలకు పేటెంట్లున్నాయి, ఆ డబ్బు అందుకే.

మీ తమ్ముడు అక్కడ చేయగలిగింది ఇంకా సులభం. ఐఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్‌కు వెళ్ళి "మోస్ట్ కంపాటిబుల్" పెట్టుకుంటే ఇకమీదట తీసేవి జేపెగ్‌లో పడతాయి. కానీ ఇది అందరికీ చెప్పే సలహా కాదు. పిల్లల ఫోటోలు రోజూ తీస్తూ, ఫోన్‌లో చోటు చాలక ఇబ్బంది పడేవాళ్ళు హెచ్‌ఈఐసీలోనే ఉంచుకోవడం మేలు. ఇక్కడ ఒక్క కంప్యూటర్‌లో వ్యూయర్ మారిస్తే పని అయిపోతుంది.

ఫైలు పేరు చివర హెచ్‌ఈఐసీ తీసేసి జేపీజీ అని పెట్టాను. సరిపోదా?

సరిపోదు. పేరు మార్చితే లోపల ఉన్న డేటా మారదు. తెలివైన వ్యూయర్ పేరును నమ్మకుండా ఫైలు మొదటి బైట్లు చూసి ఏ ఫార్మాటో పోల్చుకుంటుంది. ఇర్ఫాన్‌వ్యూ అయితే ఎక్స్‌టెన్షన్ తప్పుగా ఉంది, పేరు మార్చమంటారా అని అడుగుతుంది కూడా. అలా అడిగితే సరేననండి. పాత వ్యూయర్లు, ఆన్‌లైన్ అప్లికేషన్ సైట్లు అంత దూరం ఆలోచించవు, తిప్పి కొడతాయి. నెట్ సెంటర్లలో కట్టిన ఫీజు, అప్లోడ్ కాని ఫోటో, సాయంత్రానికి ముగిసే గడువు, ఈ టెన్షన్ అంతా చాలాసార్లు ఈ పేరు మార్పు దగ్గరే మొదలవుతుంది.

వెబ్‌సైటు నుంచి సేవ్ చేసిన డిజైన్ అంతా వెబ్‌పీ అని వస్తోంది. ఫ్లెక్సీ షాపు వాళ్ళు వద్దంటున్నారు.

ప్రొద్దుటూరు నగల షాపుల వాళ్ళు, బట్టల షాపుల వాళ్ళు తరచుగా అడుగుతారు. వెబ్‌సైట్లు త్వరగా తెరుచుకోవాలని చాలామంది బొమ్మల్ని వెబ్‌పీలో పెడుతున్నారు. వాట్సాప్ స్టిక్కర్లు కూడా వెబ్‌పీలే. ఇప్పుడు వచ్చే దాదాపు అన్ని వ్యూయర్లూ వాటిని చదువుతాయి, కదిలే వెబ్‌పీలను ఆడించేవీ ఉన్నాయి. ఫ్లెక్సీ షాపు వాళ్ళ డిజైన్ సాఫ్ట్‌వేర్ పాతదైతే మీ వ్యూయర్‌లో తెరిచి పీఎన్‌జీగా సేవ్ చేసి ఇవ్వండి. జేపెగ్‌గా ఇస్తే ఇంకొంచెం నాణ్యత పోతుంది, వెనక పారదర్శకంగా ఉన్న భాగం తెల్లగానో నల్లగానో నిండిపోతుంది.

ఇంకో మాట. వెబ్‌సైటులో బొమ్మ అడ్డంగా 800 పిక్సెళ్ళు ఉంటే, పది అడుగుల ఫ్లెక్సీ మీద అది మసకగానే పడుతుంది. ఏ ఫార్మాట్‌లోకి మార్చినా లేని వివరం రాదు. ఇర్ఫాన్‌వ్యూలో ఐ నొక్కితే పిక్సెళ్ళు ఎన్నో కనబడతాయి, ఫ్లెక్సీకి ఇచ్చే ముందు అది చూసుకోండి. ఆ డిజైన్ ఎవరిదో కూడా ఆలోచించండి, వేరే షాపు ఫోటో తీసుకొచ్చి మన బోర్డు మీద వేసుకోకూడదు.

ఏవీఐఎఫ్, జేపెగ్ ఎక్స్‌ఎల్ అంటున్నారు. వాటికి మారాలా?

చూడగలిగేలా ఉండండి, మారనక్కర్లేదు. ఏవీఐఎఫ్‌ను క్రోమ్ 2020లో, ఫైర్‌ఫాక్స్ 2021లో, సఫారీ 2022లో తీసుకున్నాయి. కాబట్టి వెబ్‌సైట్ల నుంచి మీ దగ్గరికి ఏవీఐఎఫ్ ఫైళ్ళు రావడం ఖాయం.

జేపెగ్ ఎక్స్‌ఎల్ సంగతి కొంచెం వేరు. దానిలో మాకు బాగా నచ్చిన గుణం ఒకటుంది. మామూలు జేపెగ్‌ను అందులోకి మారిస్తే సైజు దాదాపు 20 శాతం తగ్గుతుంది, మళ్ళీ వెనక్కి తెస్తే పాత జేపెగ్ ఒక్క బిట్ తేడా లేకుండా తిరిగొస్తుంది. హార్డ్ డిస్కుల నిండా పెండ్లి ఫోటోలు పెట్టుకున్న స్టూడియోకు ఇది ఆశ పుట్టించే మాటే. అయితే గూగుల్ 2022 చివర్లో దీన్ని క్రోమ్ నుంచి తీసేస్తామని చెప్పింది. మరుసటి ఏడాదే ఆపిల్ సఫారీ 17లో చేర్చింది. పెద్దవాళ్ళే ఒక మాట మీద లేనప్పుడు మీ కస్టమర్ ఇంట్లో అది తెరుచుకుంటుందన్న గ్యారంటీ లేదు. చదవగలిగే వ్యూయర్ ఇప్పుడే వేసుకోండి, మీ పాత ఫోటోలను మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచండి.

కొత్త కెనాన్ కెమెరా కొన్నాం. రా ఫైళ్ళు పాత వ్యూయర్‌లో తెరుచుకోవు. పాత కెమెరావి బాగానే వస్తున్నాయి.

రా అంటే సెన్సార్ పట్టిన డేటాను ఉన్నదున్నట్టు దాచే ఫైలు. పాత కెమెరా సీఆర్2 ఫైళ్ళు రాసేది, కొత్తది సీఆర్3 రాస్తుంది. కెనాన్ 2018లో ఈఓఎస్ ఎం50తో సీఆర్3 మొదలుపెట్టింది. పేరులో ఒక్క అంకె తేడా అయినా లోపల నిర్మాణం పూర్తిగా వేరు. చాలా వ్యూయర్లు రా ఫైళ్ళు చదవడానికి లిబ్‌రా అనే లైబ్రరీ (వేరే ప్రోగ్రాంలు వాడుకునే రెడీమేడ్ కోడ్) వాడతాయి. దానిలో సీఆర్3 చదివే వీలు 2020లో వచ్చిన 0.20 వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందటి వ్యూయర్‌తో మీరు ఎంత తంటాలు పడినా ఫలితం ఉండదు. నికాన్ ఎన్‌ఈఎఫ్, సోనీ ఏఆర్‌డబ్ల్యూ విషయంలోనూ ఇంతే. ఎక్స్‌టెన్షన్ పేరు మారకపోయినా కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా లోపల ఏదో ఒకటి మారుతుంది. అందుకే కెమెరా కొన్న నెలలోనే వ్యూయర్ కూడా కొత్తది వేసుకోవాలి.

రా ఫైలు తెరిచినప్పుడు ఒకటి గమనించండి. ఒంటిమిట్టలో కోదండరాముడి కల్యాణం రాత్రి పూట జరుగుతుంది కదా, అక్కడ తీసిన ఫోటో ఒకటి తీసుకోండి. వ్యూయర్‌లో తెరవగానే మొదట మంచి మెరుపుతో, శుభ్రంగా కనబడుతుంది. అది నిజానికి కెమెరా ఆ రా ఫైలు లోపల దాచిన చిన్న జేపెగ్ ప్రివ్యూ. పూర్తి రా చదివే ఆప్షన్ ఆన్ చేస్తే అదే ఫోటో కాస్త చప్పగా, నీడల్లో ఇసుక చల్లినట్టు గింజలతో వస్తుంది. చూసి భయపడొద్దు. కెమెరా చేసిన మెరుగులు ఇందులో లేవు, సెన్సార్ పట్టింది ఉన్నదున్నట్టు కనబడుతోంది. ఫోటోలు ఏరుకోవడానికి ప్రివ్యూ చాలు, వందల ఫోటోలు గబగబా తిప్పొచ్చు. ఫోకస్ కంటి మీద పడిందా, తలంబ్రాల మీద పడిందా తేల్చుకోవాల్సిన చోట పూర్తి రా తెరిచి నూరు శాతం జూమ్‌లో చూడండి.

ఆల్బమ్ పీఎస్‌డీ షీట్లు వ్యూయర్‌లో తెల్లగా కనబడుతున్నాయి.

పీఎస్‌డీ అంటే ఫోటోషాప్ ఫైలు. అందులో లేయర్లతో పాటు అన్నీ కలిపిన ఒక బొమ్మ కూడా ఉంటుంది, వ్యూయర్లు ఎక్కువగా దాన్నే చూపిస్తాయి. ఫోటోషాప్‌లో మాగ్జిమైజ్ కంపాటిబిలిటీ ఆఫ్ చేసి సేవ్ చేస్తే ఆ బొమ్మ ఉండదు, అందుకే తెల్ల షీటు. డిజైనర్‌కు ఫోన్ చేసి ఆ ఆప్షన్ ఆన్ చేసి మళ్ళీ సేవ్ చేయమనండి. వ్యూయర్ మార్చి ఉపయోగం లేదు.

ఫోన్‌లో పట్టుచీర రంగు నిండుగా ఉంది, కంప్యూటర్‌లో పాలిపోయింది. వ్యూయర్ తప్పా?

తరచుగా అవును. కొత్త ఫోన్లు, ముఖ్యంగా ఐఫోన్లు, మామూలు కంటే విస్తారమైన డిస్‌ప్లే పీ3 రంగుల పరిధిలో ఫోటోలు తీస్తాయి. ఏ పరిధిలో తీశారో చెప్పే ప్రొఫైల్ ఫోటో లోపలే ఉంటుంది. వ్యూయర్ ఆ ప్రొఫైల్‌ను చదవకపోతే ఎరుపు, ఆకుపచ్చ చప్పబడతాయి. కొత్త వెర్షన్లలో కలర్ మేనేజ్‌మెంట్ అనే ఆప్షన్ ఉంటుంది, సెట్టింగ్స్‌లో వెతికి ఆన్ చేయండి. ఇర్ఫాన్‌వ్యూకు ఇది ప్లగిన్ ద్వారా వస్తుంది. ల్యాబ్ వాళ్ళతో ప్రింట్ రంగు గురించి గొడవ పడే ముందు ఇది సరిచూసుకోండి. మానిటర్ రంగులే తప్పుగా ఉంటే అది వేరే సమస్య, వ్యూయర్ దాన్ని సరిచేయలేదు.

ఫోల్డర్ పేరు తెలుగులో పెడితే ఫోటోలు తెరుచుకోవు. ఇంగ్లీషులో పెడితే వస్తాయి. తెలుగుకు ఎందుకీ గతి?

మన పాత ఫోటోలకు మన భాషలో పేర్లు పెట్టుకోవడం మన హక్కు. కాబట్టి ఈ ప్రశ్న అడిగినవాళ్ళంటే మాకు ఇష్టం. విండోస్‌లో పాతకాలం ప్రోగ్రాంలు ఒక్కో భాషకు ఒక్కో కోడ్ పేజీ (అక్షరాల పట్టిక) వాడేవి. తెలుగుకు అలాంటి పాత కోడ్ పేజీ లేదు, విండోస్‌లో తెలుగు మొదటి నుంచీ అన్ని భాషలకూ ఒకే పట్టిక అయిన యూనికోడ్‌లోనే ఉంది. యూనికోడ్ తెలియని పాత వ్యూయర్ "అమ్మమ్మ ఫోటోలు" అనే ఫోల్డర్‌ను వరుసగా ప్రశ్నార్థకాలుగా చూస్తుంది, ఆ పేరుతో ఫోల్డరే లేదంటుంది. కొత్త వెర్షన్లలో ఈ బాధ చాలావరకు పోయింది. మీ వ్యూయర్ సరైందో కాదో తేల్చుకోవడానికి తెలుగు పేరుతో ఒక ఫోల్డర్ చేసి, ఒత్తులున్న పేరుతో ఒక ఫోటో పెట్టండి. దాన్ని తెరిచి, పేరు మార్చి, ఇంకో చోటికి కాపీ చేసి చూడండి. ఈ పరీక్ష నెగ్గని వ్యూయర్‌ను మేం ఎవరికీ వేయం.

ఫోటో లోపల వివరాలు రాసుకునే చోట కూడా తెలుగు రాయొచ్చు. ఎవరి పెండ్లి, ఏ ఊరు, పక్కన నిలబడింది ఎవరు అన్నవి రాసుకుంటే పదేళ్ళ తర్వాత మీకే పనికొస్తాయి. ఆ వివరాలను ఎక్స్‌ఎంపీ పద్ధతిలో దాచే వ్యూయర్ అయితే తెలుగు అక్షరాలు చెడిపోవు.

పరీక్ష అప్లికేషన్‌కు ఫోటో 50 కేబీ దాటకూడదట. వ్యూయర్‌తో అవుతుందా?

అవుతుంది. ఉదాహరణకు ఐబీపీఎస్ బ్యాంకు పరీక్షలకు ఫోటో 20 నుంచి 50 కేబీ, సంతకం 10 నుంచి 20 కేబీ మధ్య ఉండాలి, రెండూ జేపెగ్‌లోనే. ఫోటోకు 200, 230 పిక్సెళ్ళు, సంతకానికి 140, 60 పిక్సెళ్ళు మేలంటారు. ఇర్ఫాన్‌వ్యూలో ముందు ముఖం వరకు క్రాప్ చేయండి. కంట్రోల్, ఆర్ కలిపి నొక్కి పిక్సెళ్ళు సరిచేయండి. ఎస్ నొక్కి జేపెగ్ ఎంచుకుని, క్వాలిటీ తగ్గిస్తూ సైజు కుదిరేదాకా చూడండి. ప్రతిసారీ ఒరిజినల్ నుంచే మొదలుపెట్టండి. సేవ్ చేసినదాన్నే మళ్ళీ తెరిచి మళ్ళీ సేవ్ చేస్తూ పోతే ముఖం మాసిపోతుంది. ఇంకో పరీక్షకు కొలతలు వేరుగా ఉంటాయి, నోటిఫికేషన్ చూసుకోండి.

ఆన్‌లైన్ కన్వర్టర్ సైట్లు ఉన్నాయి కదా, ఈ తిప్పలన్నీ ఎందుకు?

ఆధార్ కార్డు, పట్టాదారు పాస్‌బుక్, మార్కుల జాబితా, ఆడపిల్లల ఫోటోలు, వీటిని ఊరూ పేరూ తెలియని సైటుకు అప్లోడ్ చేయొద్దు. ఈ ఒక్క విషయంలో మేం మొహమాటం లేకుండా చెబుతాం. ఆ ఫైలు అక్కడ ఎంతకాలం ఉంటుందో, ఎవరు చూస్తారో మీ చేతిలో లేదు. మీ కంప్యూటర్‌లో ఉన్న వ్యూయర్ అదే పనిని నెట్ లేకుండా, ఉచితంగా, ఫైలు ఇల్లు దాటకుండా చేస్తుంది. నెట్ సెంటర్ నడిపే అన్నలూ, మీ దగ్గరికి వచ్చే పల్లెటూరి పెద్దవాళ్ళు మిమ్మల్ని నమ్మి కాగితాలు ఇస్తారు. పని అయ్యాక వాళ్ళ స్కాన్లు కూడా డెస్క్‌టాప్ మీద నుంచి తీసేయండి.

పాత శాసనాల ఫోటోలు తీస్తున్నాం. ఏ ఫార్మాట్‌లో దాచాలి?

తెలుగులో తొలినాటి శాసనాలు కలమల్ల, ఎర్రగుడిపాడు మన కడప జిల్లావే. ఆరో శతాబ్దంలో రేనాటి చోళులు వేయించినవి. వాటిలాంటి రాళ్ళను, ఊరి గుడి గోడల మీది రాతలను ఫోటో తీసే విద్యార్థులు ఈ ప్రశ్న అడిగితే తీరిగ్గా కూర్చోబెట్టి చూపిస్తాం.

జేపెగ్ బొమ్మను ఎనిమిది పిక్సెళ్ళ చదరాలుగా విడగొట్టి, ఒక్కో చదరంలో కంటికి పెద్దగా తెలియని వివరాన్ని వదిలేస్తుంది. ఎక్కువ కుదించిన జేపెగ్‌ను వ్యూయర్‌లో నాలుగు వందల శాతం జూమ్ చేసి ఒక అక్షరం అంచు దగ్గర చూడండి. ఉలి గీత చుట్టూ రాతిలో లేని చిన్నచిన్న చుక్కలు, గళ్ళు కనబడతాయి. పెండ్లి ఫోటోలో అవి ఎవరికీ పట్టవు. అరిగిపోయిన శాసనంలో మాత్రం అది తలకట్టా, రాతి పగులా, జేపెగ్ చుక్కా అన్నది తేల్చలేక చదివేవాళ్ళు పొరబడతారు. అందుకని కెమెరా రా ఫైలును అలాగే ఉంచండి, పని చేసుకోవడానికి దాని నుంచి వివరం పోని టిఫ్ ఫైలు ఒకటి చేసుకోండి, పంచుకోవడానికి మాత్రమే జేపెగ్ వాడండి. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ఫోటోగా పంపితే సైజు కుదించేస్తుంది, ఎప్పుడు ఎక్కడ తీశారన్న ఎగ్జిఫ్ వివరాలూ పోతాయి.

పక్కనుంచి టార్చి వెలుగు వేసి ఒకే రాయిని నాలుగు దిక్కుల నుంచి తీసినప్పుడు, నాలుగు ఫోటోలనూ పక్కపక్కనే పెట్టి ఒకేసారి జూమ్ చేసే వ్యూయర్ ఎంచుకోండి. ఎక్స్‌ఎన్‌వ్యూ ఎంపీలో ఆ సౌకర్యం ఉంది.

స్కాన్ చేసిన దస్తావేజులో మొదటి పేజీ ఒక్కటే కనబడుతోంది.

అది బహుళ పేజీల టిఫ్ అయి ఉంటుంది. ఒకే ఫైలులో చాలా పేజీలు ఉంటాయి. టూల్‌బార్‌లో పేజీలు తిప్పే బాణాలు విడిగా ఉంటాయి, తర్వాతి ఫైలుకు వెళ్ళే బాణాలతో కలిపి గందరగోళపడకండి. దీన్ని జేపెగ్‌గా సేవ్ చేస్తే మీరు చూస్తున్న పేజీ ఒక్కటే మిగులుతుంది. అన్ని పేజీలూ కావాలంటే టిఫ్‌గానో పీడీఎఫ్‌గానో ఉంచండి.

ఆసుపత్రి సీడీలో ఎక్స్‌రే, సీటీ ఫైళ్ళున్నాయి. మామూలు వ్యూయర్‌లో చూడొచ్చా?

అవి డైకామ్ ఫైళ్ళు, ఆసుపత్రి స్కాన్లకు వాడే ఫార్మాట్. కొన్ని వ్యూయర్లు తెరుస్తాయి, కానీ బూడిద రంగు ఛాయల్లో చాలావాటిని మామూలు తెర మీద ఒకేసారి చూపలేవు. ఎముక చూడటానికి, ఊపిరితిత్తులు చూడటానికి వెలుగు పరిధి వేర్వేరుగా మార్చుకోవాలి. ఆ సీడీలోనే సాధారణంగా దానికి తగ్గ వ్యూయర్ ఇస్తారు, దాన్నే వాడండి. వేరే డాక్టర్‌కు చూపించాలంటే తెర ఫోటో తీసి పంపకుండా సీడీ ఇవ్వండి.

పాత వెర్షన్ బాగానే పనిచేస్తోంది. అప్‌డేట్ చేయకపోతే నష్టమా?

నష్టమే. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ చదివే లిబ్‌వెబ్‌పీ లైబ్రరీలో పెద్ద లోపం బయటపడింది. కావాలని తయారుచేసిన ఒక బొమ్మను తెరిస్తే చాలు, దాని ద్వారా కంప్యూటర్‌లోకి చొరబడే ప్రమాదం ఉండింది. బ్రౌజర్లతో పాటు ఆ లైబ్రరీని వాడే ప్రోగ్రాంలన్నీ దిద్దుకోవాల్సి వచ్చింది, లైబ్రరీ 1.3.2 వెర్షన్‌తో సరైంది. అంతకుముందటి వ్యూయర్ మీ దగ్గర ఉండి వెబ్‌పీ తెరుస్తుంటే ఈరోజే మార్చండి. ఫార్మాట్లు ఎక్కువ చదివే వ్యూయర్‌కు ఇలాంటి ద్వారాలూ ఎక్కువే. అందుకే అలాంటివాటికి అప్‌డేట్లు మరీ ముఖ్యం.

డౌన్‌లోడ్ మాత్రం ఆ ప్రోగ్రాం సొంత వెబ్‌సైటు నుంచే చేయండి. వెతికితే పైన వచ్చే ప్రకటనల లింకుల్లో అక్కర్లేని టూల్‌బార్లు అంటగట్టేవి ఉంటాయి.

మాది విండోస్ 7, 32 బిట్. కొత్త వ్యూయర్లు వేయొచ్చా?

కొన్ని వేయొచ్చు, ఇర్ఫాన్‌వ్యూకు 32 బిట్ వెర్షన్ ఇంకా ఉంది. కానీ విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలోనే సపోర్ట్ ఆపేసింది, విండోస్ 10కూ 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్ట్ ముగిసింది. 32 బిట్ ప్రోగ్రాంకు వాడుకునే మెమరీ కూడా పరిమితమే. గండికోట లోయను ఆ కొస నుంచి ఈ కొసకు కలిపి కుట్టిన పెద్ద పనోరమా తెరిస్తే అది చేతులెత్తేస్తుంది. కంప్యూటర్ 64 బిట్‌ది అయితే, కొత్త విండోస్‌కు సరిపోకపోయినా దానికి లైనక్స్ వేసి ఇస్తాం, వ్యూయర్లు అందులోనే వస్తాయి.

స్టూడియోలో, షాపులో వాడితే డబ్బు కట్టాలా?

ఇర్ఫాన్‌వ్యూ, ఎక్స్‌ఎన్‌వ్యూ ఎంపీ, ఫాస్ట్‌స్టోన్ అనే ఇంకో వ్యూయర్ ఇంట్లో వాడుకోవడానికి, చదువుకు ఉచితం. వ్యాపారానికి లైసెన్స్ కొనాలి. ఏళ్ళ తరబడి మీ పని నడిపిస్తున్న ప్రోగ్రాం రాసినవాళ్ళకు ఆ డబ్బు చెల్లించడం న్యాయం. కట్టలేనివాళ్ళు నోమాక్స్, ఇమేజ్‌గ్లాస్ వాడుకోండి, వాటి లైసెన్స్ వ్యాపారానికీ వర్తిస్తుంది.

అన్నీ చేశాను, ఇంకా తెరుచుకోవడం లేదు. ఇప్పుడేం చేయాలి?

ఫైలుకు ఒక కాపీ తీసి, ఆ కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. తెర నిండా పిచ్చి అక్షరాలు వస్తాయి, మొదటి వరుస మాత్రం చూడండి. ఇంగ్లీషు అక్షరాల్లో పీఎన్‌జీ అనో, జిఫ్ అనో మొదట్లోనే కనబడితే ఫార్మాట్ తేలిపోయింది. మొదట్లో రిఫ్ అని ఉండి కాస్త తర్వాత వెబ్‌పీ అని ఉంటే అది వెబ్‌పీ. కొన్ని గుర్తుల తర్వాత ఎఫ్‌టైప్ అని, వెంటనే హెచ్‌ఈఐసీ అనో ఏవీఐఎఫ్ అనో ఉంటే ఆ పేరే దాని ఫార్మాట్. రెండు ఐలు, పక్కన నక్షత్రం గుర్తు ఉంటే టిఫ్, లేదా టిఫ్ పద్ధతిలో కట్టిన రా ఫైలు. ఏమీ మార్చకుండా, సేవ్ చేయకుండా మూసేయండి. తెలిసిన ఫార్మాట్‌కు తగ్గ ఎక్స్‌టెన్షన్ ఆ కాపీకి పెట్టి కొత్త వ్యూయర్‌లో తెరవండి. వరుసగా ఖాళీలు తప్ప ఏమీ లేకపోతే ఫైలు కాపీ అయ్యేటప్పుడే పోయింది. అలాంటప్పుడు మెమరీ కార్డులో కొత్త ఫోటోలేవీ తీయకుండా, కార్డును అలాగే మా దగ్గరికి తీసుకురండి.